అందింది

వాల్దీవియాలో వాన ఆగదు.
ఆగినట్టుంటే ఊపిరి పీల్చుకుంటోందని అర్థం.
అలాంటి ఒక సాయంత్రం
తడిసిన ఊలు టోపీలో చుట్టి
నేలిదా వెంచుమాన్ నా బల్ల మీద ఒక కెమెరా పెట్టింది.
సబ్బుబిళ్లంత వెండిరంగు డబ్బా.
కార్డు దూర్చే చోటు లేదు,
చూసిందంతా కడుపులోనే దాచుకునే రకం.

"కంపెనీ మూతబడి తొమ్మిదేళ్లు.
దాంతో వచ్చిన సీడీని మా మనవడు
పిట్టల్ని బెదరగొట్టడానికి చెర్రీకొమ్మకి కట్టాడు."

చెప్పి, నవ్వలేదు.
నదిలో నల్లమెడ హంసల్ని లెక్కపెట్టే మనిషి ఆమె.
ఇరవై రెండేళ్లుగా, నెలకో శనివారం,
పైసా జీతం లేకుండా.

పడవల రేడియోలు బాగుచేసుకునే నాకు
కెమెరాలతో ఏం పని?
కానీ నా కంప్యూటర్లో ఉన్నదంతా
ఊరూ పేరూ తెలియనివాళ్లు రాసి
పదిమందికీ వడ్డించిన సాఫ్ట్‌వేరే.
ఇన్నాళ్లూ తిన్న పంక్తిలో
ఒక్కపూటైనా గరిటె పట్టుకోవాలని ఉండేది.

వైరు గుచ్చాను.
తెర మీద ఒకటే వరుస: గుర్తు తెలియని పరికరం.
రెండు అంకెలు మాత్రం చెప్పింది,
ఇంటిపేరూ పేరూ చెప్పి
తలుపేసుకున్నట్టు.

కొమ్మ మీంచి సీడీ దింపించాం.
చేపల సంఘం ఆఫీసులో మూలుగుతున్న పాత విండోస్‌కి పెట్టి
వాళ్లిద్దరూ వైరులో ఏం మాట్లాడుకుంటారో
గోడకి చెవి ఆనించినట్టు విని రాసుకున్నాను.
ఎన్నున్నాయి?
అరవై నాలుగు.
మొదటిది ఇవ్వు.
అక్కడ సీడీకి గీత.
పిట్ట పొడిచిందో, వడగళ్లు కొట్టాయో,
సంభాషణ అక్కడితో సరి.

మిగిలింది నేనే ఊహించాలి.
మొదటిది ఇవ్వు అన్నాను.
ఐదువందల పన్నెండు బైట్లు ఇచ్చి
ఉలుకూ పలుకూ లేదు.
మళ్లీ అడిగాను. మళ్లీ అవే.
బుజ్జగించాను, గద్దించాను,
ఒక రాత్రి పెనంలా వేడెక్కితే
భయపడి వైరు పీకేశాను.
బయట చేపల బజారు మెట్ల మీద
సముద్రసింహాలు నన్ను చూసి
దగ్గినట్టు నవ్వేవి.

పదకొండు రాత్రులు.

పన్నెండో రాత్రి, బల్ల మీద రిపేరుకొచ్చిన రేడియోలో
రుపెర్తో గొంతు, కొర్రాల్ దగ్గర పొగమంచులోంచి:
"తీరం, అందిందా? అందిందా?"
ఎవరో ఒకరు "అందింది" అనేదాకా
రుపెర్తో తర్వాతి మాట చెప్పడు.
తాతలనాటి పడవ అలవాటు.

నా చెయ్యి కీబోర్డు మీదే ఉంది.
పాత తంతి భాషలో
అందింది అనడానికి గుర్తు, ఆరు.
ఒక్క ఆరు పంపాను.

మరో ఐదువందల పన్నెండు.
మళ్లీ ఆరు. మళ్లీ బైట్లు.
మొండిది అనుకున్నాను ఇన్నాళ్లూ;
అది ఇస్తూనే ఉంది,
పుచ్చుకున్నానని నేనే చెప్పలేదు.

మొదటి బొమ్మ వచ్చేసరికి తెల్లవారింది.
నది ఊదారంగు, ఆకాశం పచ్చిబఠాణీ,
హంసలు తలకిందులు.
ఎరుపూ నీలమూ ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చున్నాయి.
లేపి మార్చి కూర్చోబెట్టాను.
మెడలు మాత్రం
ఏ రంగు లెక్కలోనైనా నల్లగానే ఉన్నాయి.

అందరి కోసం ఉంచే ఆ పెద్ద జాబితాలోకి
ఈ కెమెరా పేరుతో ఒక వరుస పంపించాను.
రీగా నుంచి గున్తా అనే ఆవిడ జవాబు:
"ఏడో వరుసలో ఖాళీ ఎక్కువైంది. సరిచేసి పంపండి."
పొగడ్త లేదు. సరిచేశాను.
మర్నాడు కలిపేసింది.

నేలిదా వచ్చి మాటె తాగుతూ
అరవై నాలుగూ చూసింది.
ఒకదాంట్లో తన బొటనవేలు, మూడింట్లో ఒట్టి వాన.
నలభై ఒకటో బొమ్మ దగ్గర
తెర మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ,
రెల్లు వెనక తెల్లటి తునక దగ్గర ఆగింది.

"దీన్ని వదిలేశాను," అంది.

సంచిలోంచి తడికి ఉబ్బిన నోటుబుక్కు తీసి
ఆ మార్చి శనివారం వెతికి
ముప్పై ఎనిమిది కొట్టేసి
పెన్సిల్‌తో ముప్పై తొమ్మిది రాసింది.
ఇంకా వాన.